కోళ్ల దాణాలో యాంటీబయాటిక్‌లకు బదులు సహజ పదార్థాలు: సాలూరు మన్యం రైతులకు సూచనలు

సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల కొండ గ్రామాల్లో కోడి లేని ఇల్లు అరుదు. ఇంటికి చుట్టం వచ్చినా, కొత్తల పండగ వచ్చినా, పిల్లాడికి పుస్తకాలు కొనాలన్నా ముందు గుర్తొచ్చేది పెరటి కోడే. అందుకే కోళ్లు రెండు రోజులు ముడుచుకుని కూర్చుంటే ఇల్లంతా కంగారు పడుతుంది. ఆ కంగారులో సంతకో, రోడ్డు మీది దుకాణానికో వెళ్లి, రంగు పొడి పొట్లం కొనుక్కొచ్చి నీళ్లలో కలిపేస్తాం. ఆ పొడి చాలాసార్లు యాంటీబయాటిక్. అది ఏ జబ్బుకో, ఎంత వేయాలో, ఎన్నాళ్లు వేయాలో పొట్లం కొన్నవారికి తెలియదు. అమ్మినవారికీ తెలియకపోవచ్చు.

కొన్నేళ్ల క్రితం పాచిపెంట వైపు ఒక గ్రామంలో జరిగిన సంగతి చెబుతాను. ఒక అక్క నలభై వనరాజా పిల్లలు పెంచింది. మూడో నెలలో కోళ్లు ఆకుపచ్చగా పారడం, మెడలు తిప్పడం మొదలుపెట్టాయి. ఆమె దుకాణంలో ఇచ్చిన పొడిని మూడు రోజులు శ్రద్ధగా తాగించింది. నేను వెళ్లేసరికి ఆరు మిగిలాయి. వచ్చింది కొక్కెర తెగులు. అది వైరస్ వల్ల వచ్చే జబ్బు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. ఆ పొడి నకిలీదేమీ కాదు, ఆ జబ్బుకు అది మందు కాదు, అంతే.

ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "సారూ, ఆ పొడి బదులు పసుపు పెట్టి ఉంటే బతికేవా?" నేను నిజమే చెప్పాను. "లేదమ్మా. పసుపు పెట్టినా బతికేవి కావు. టీకా వేసి ఉంటే బతికేవి."

సహజ పదార్థాల గురించి చదివే ముందు ఈ జవాబును గుర్తుపెట్టుకోండి. పసుపు, వెల్లుల్లి, మజ్జిగ వంటివి మంచివే. కోడి కడుపును బాగుంచి, చిన్న చిన్న ఇబ్బందులను తగ్గించి, యాంటీబయాటిక్ అవసరం తక్కువగా పడేలా చేస్తాయి. అయితే అవి టీకా పని చేయవు, ముదిరిన జబ్బును నయం చేయవు. ఈ తేడా తెలిసి వాడితే లాభం, తెలియక వాడితే మళ్లీ నష్టమే.

యాంటీబయాటిక్ దాణాలోకి ఎలా వచ్చింది?

ఈ కథలో మన తెలుగువారికీ ఒక చోటుంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు అధిపతిగా ఉన్న కాలంలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగులోకి వచ్చింది. అది 1948వ సంవత్సరం. మనుషుల ప్రాణాలు కాపాడటానికి వచ్చిన మందు అది. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. అదే సంస్థలో పనిచేసిన జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూశారు. పిల్లలు మామూలు కంటే త్వరగా బరువెక్కాయి. అక్కడి నుంచి జబ్బు లేని కోళ్లకు కూడా రోజూ దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపే పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఎందుకు మానుకోవాలి?

కొద్ది మోతాదులో రోజూ మందు పడితే బలహీనమైన సూక్ష్మక్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలిన మొండి క్రిములే పెరిగి పెంటలోకి, నీటిలోకి, మాంసం కోసే చేతులకు చేరతాయి. ఆ తర్వాత ఆ మందు కోడికే కాదు, మనిషికీ పనిచేయదు. ఒక ఉదాహరణ చూడండి. కోళ్లకు ఎక్కువగా వాడే ఎన్రోఫ్లాక్ససిన్, మనుషులకు ఇచ్చే సిప్రోఫ్లాక్ససిన్ ఒకే కుటుంబం మందులు. ఒకదానికి అలవాటుపడ్డ క్రిమి రెండోదానికీ లొంగదు.

పట్నంలో అయితే ఒక మందు పనిచేయకపోతే ఇంకో ఆసుపత్రి ఉంటుంది. మన కొండ మీద జ్వరంతో ఉన్న బిడ్డను డోలీలో మోసుకుని దింపేసరికే సగం పూట గడిచిపోతుంది. అంత కష్టపడి తెచ్చిన బిడ్డకు వేసిన మొదటి మందే పనిచేయాలి. అందుకే ఈ విషయంలో పెద్ద ఫారాల వారికంటే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ప్రభుత్వాలూ ఈ దారిలోనే వెళ్తున్నాయి. స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య మొత్తం 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. ఆరోగ్యంగా ఉన్న పశువులకు, కోళ్లకు పెరుగుదల కోసం ఈ మందులు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు, ఆక్వాకు, వాటి దాణాకు వాడకుండా నిషేధించింది. మనుషులకు వేరే ఏ మందూ పనిచేయనప్పుడు చివరగా వాడేది కొలిస్టిన్.

సహజ పదార్థాలు ఎలా పనిచేస్తాయి?

బస్సు ఎక్కకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మనకు తెలిసిందే. కోడి పేగులోనూ అలాగే జరుగుతుంది. మంచి క్రిములు ముందు చోటు పట్టుకుంటే చెడ్డ క్రిములకు నిలబడే చోటు దొరకదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పేగులోని పదార్థాన్ని ఒక్కరోజు పిల్లలకు ఇస్తే వాటికి సాల్మొనెల్లా అంత సులువుగా సోకదని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 1973లో చూపించారు. తల్లికోడితో తిరిగే పిల్లలకు ఇది సహజంగానే అందుతుంది. హేచరీ నుంచి తెచ్చిన పిల్లలకు తల్లి ఉండదు కాబట్టి మనమే అందించాలి.

సహజ పదార్థాలు ముఖ్యంగా మూడు రకాలుగా సాయపడతాయి. మజ్జిగ, పెరుగు, ఈస్ట్ వంటివి మంచి క్రిములకు బలమిస్తాయి. వెనిగర్ వంటి పులుపు పదార్థాలు నీటిలో, కోడి పొట్టలో పులుపు పెంచి, చెడ్డ క్రిములు పెరగకుండా చూస్తాయి. పసుపు, వెల్లుల్లి, వాము వంటి దినుసులు కొన్ని రకాల క్రిములను అణచి, పేగులో వాపు తగ్గించి, అరుగుదల పెంచుతాయి.

మన దగ్గర దొరికేవి, వాడే మోతాదు

పసుపు: కిలో దాణాకు 5 గ్రాములు, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు. మన ఏజెన్సీలో పండే పసుపే వాడండి. అమ్మకానికి పనికిరాని చిన్న కొమ్ములు, ముక్కలు ఎండబెట్టి దంచుకుంటే చాలు. దుకాణంలో దొరికే చవక పసుపులో రంగు కలిపి ఉండవచ్చు, అది కోడికీ మంచిది కాదు. రెండు మూడు మిరియపు గింజలు దంచి కలిపితే పసుపులోని సారం ఒంటికి బాగా పడుతుంది.

వెల్లుల్లి: కిలో దాణాకు 10 గ్రాముల పచ్చి వెల్లుల్లి. దంచాక పది నిమిషాలు అలా వదిలేయండి. దంచినప్పుడే అందులోని ఘాటు పదార్థం తయారవుతుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది కాబట్టి పచ్చిదే కలపాలి. గుడ్లు పెట్టే కోళ్లకు మోతాదు మించితే గుడ్డుకు వాసన పట్టవచ్చు.

వాము: కిలో దాణాకు 2 గ్రాములు, కాస్త వేయించి పొడి చేసి కలపాలి. ఇందులో థైమాల్ ఉంటుంది. పెద్ద కంపెనీలు అమ్మే మూలికా మిశ్రమాల్లో వాడే పదార్థాల్లో ఇదీ ఒకటి. వానాకాలంలో అరుగుదల తగ్గినప్పుడు బాగా ఉపయోగపడుతుంది.

మునగాకు: నీడలో ఆరబెట్టి పొడి చేసి, పెద్ద కోళ్లకు కిలో దాణాకు 30 నుంచి 50 గ్రాములు, పిల్లలకు 20 గ్రాముల లోపు కలపాలి. ఇది మందు కంటే మేత అనుకోండి. మాంసకృత్తులు, విటమిన్లు ఇస్తుంది, గుడ్డు సొనకు మంచి రంగు తెస్తుంది.

మజ్జిగ: వెన్న తీసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు, మూడు గ్లాసుల నీటిలో కలిపి ఉదయం పెట్టండి. రెండు గంటల తర్వాత మిగిలితే పారబోయండి. చిక్కటి పెరుగు, పాలు ఎక్కువైతే కోళ్లు పారుకుంటాయి. బ్లీచింగ్ కలిపిన కుళాయి నీటిలో మజ్జిగ కలిపితే మంచి క్రిములు చస్తాయి, అందువల్ల కాచి చల్లార్చిన నీరు వాడండి. మజ్జిగ క్రిములు పేగులో ఎక్కువ కాలం నిలవవు, అందుకే వారానికి రెండు సార్లయినా ఇవ్వాలి.

వెనిగర్: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, వారానికి ఒకటి రెండు రోజులు. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలోనే ఇవ్వాలి. పులుపు తగిలితే జింకు పూత రేకు గిన్నెలోంచి లోహం నీటిలోకి దిగుతుంది.

వేపాకు: నీడలో ఎండిన పొడి కిలో దాణాకు 2 గ్రాములు, అదీ నెల దాటిన కోళ్లకే. చేదు ఎక్కువైతే కోళ్లు మేత తగ్గించి బరువు కోల్పోతాయి. వేప నూనె, వేప పిండి దాణాలో కలపవద్దు.

ఇరవై పెరటి కోళ్లకు వారం ప్రణాళిక

పగలంతా బయట తిరిగే ఇరవై పెద్ద కోళ్లకు సాయంత్రం ఒక కిలో దాణా వేస్తున్నారనుకుందాం. నూకలు, చోళ్లు, తవుడు, మొక్కజొన్న ఏదైనా సరే. దాణాను కొద్దిగా నీటితోగానీ, అంబలితోగానీ తడిపి కలిపితే పొడి గింజకు అంటుకుంటుంది.

రోజూ: పసుపు 5 గ్రాములు, దొరికితే మునగాకు పొడి గుప్పెడు.

సోమ, బుధ, శుక్రవారాలు: వెల్లుల్లి 10 గ్రాములు. వానలు ముసురు పట్టినప్పుడు దాని బదులు వాము 2 గ్రాములు.

మంగళ, శనివారాలు: ఉదయం మజ్జిగ నీళ్లు.

గురువారం: వెనిగర్ నీళ్లు.

ఆదివారం: ఏమీ కలపవద్దు. తాగే గిన్నెలు, దాణా తొట్లు బూడిదతో తోమి ఎండలో ఆరబెట్టండి.

తడిపిన దాణా గంటలో కోళ్లు తినేలా వేయండి. మిగిలితే తీసేయండి. పులిసిన, బూజు పట్టిన తడి దాణా జబ్బు తెస్తుంది.

ఇంతకంటే ముందు చేయాల్సిన నాలుగు పనులు

ఒకటి, టీకాలు. ఏడో రోజు లసోటా టీకా ఒక చుక్క కంట్లోగానీ ముక్కులోగానీ వేయాలి. రెండో వారంలో గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా. ఆరు నుంచి పది వారాల మధ్య మసూచి టీకా, కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా వేయించాలి. ఒక సీసాలో వంద డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఒక్క ఇంటి కోసం సీసా తెరిస్తే వృథా, కనుక గ్రామమంతా ఒకే రోజు పెట్టుకోండి. కోళ్లు గూటికి చేరే సాయంత్రమో, ఇంకా బయటికి వదలని తెల్లవారుజామో మంచి సమయం. టీకా సీసాను కొండ మీదికి ఐసు ముక్కలున్న ఫ్లాస్కులోనే తేవాలి. ఎండలో చొక్కా జేబులో తెచ్చిన టీకా నీళ్లతో సమానం.

రెండు, పొడి నేల. రక్త విరేచనాలు తెచ్చే కాక్సీడియా తడి నేలలోనే బలపడుతుంది. గూటిలో రెండు మూడు అంగుళాల వరి ఊక పరిచి, వానాకాలంలో రోజూ తిరగేయండి. తడిసిన చోట ఊక తీసి కొత్తది వేయండి. నీళ్ల గిన్నెను ఇటుక మీద పెడితే ఊక తడవదు.

మూడు, బూజు లేని దాణా. వానాకాలంలో సరిగా ఎండని మొక్కజొన్న, వేరుశనగ పిండి బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కోళ్లలో రోగాలను తట్టుకునే శక్తి తగ్గిస్తుంది, టీకా సరిగా పట్టకుండా చేస్తుంది. బూజు దులిపి ఎండబెట్టినా విషం పోదు. గింజను పంటితో కొరికితే టక్కున విరగాలి, నలిగితే ఇంకా ఆరలేదని అర్థం. దాణా బస్తాలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టండి.

నాలుగు, పిల్లలకు వెచ్చదనం. మొదటి వారం బ్రూడర్ కింద సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు ఒకదానిపై ఒకటి పడి గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. మన కొండల్లో చలికాలం రాత్రుళ్లు చలికి పోయే పిల్లలు ఎక్కువ. దానికి ఏ దినుసూ, ఏ మందూ పరిష్కారం కాదు.

చేయకూడనివి

నీటిలో టీకా ఇచ్చే రోజు, దానికి ముందు రోజు, తర్వాతి రోజు నీటిలో వెనిగర్, బ్లీచింగ్, వెల్లుల్లి రసం వంటివి ఏవీ కలపవద్దు. అవి టీకాను పాడుచేస్తాయి.

అన్ని దినుసులూ ఒకేసారి దండిగా వేయవద్దు. మోతాదు రెట్టింపు చేస్తే లాభం రెట్టింపు కాదు.

"గ్రోత్ పౌడర్", "టానిక్" అని అమ్మే పొట్లం మీద పేర్లు చదివించండి. ఆక్సీటెట్రాసైక్లిన్, క్లోర్‌టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, టైలోసిన్, నియోమైసిన్, ఎన్రోఫ్లాక్ససిన్ అని ఉంటే అది యాంటీబయాటిక్. మీకు ఇంగ్లీషు రాకపోతే బడికి వెళ్లే పిల్లలతోనో, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులతోనో చదివించండి. కొలిస్టిన్ అని ఉంటే అసలు కొనవద్దు.

బ్రాయిలర్ షెడ్డు నడిపే రైతులు ప్రోబయాటిక్ కొంటే సీసా మీద క్రిమి పేరు, గ్రాముకు ఎన్ని ఉన్నాయో, గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టిన దుకాణంలో కొనవద్దు, క్రిములు చచ్చిపోయి ఉంటాయి.

యాంటీబయాటిక్ ఎప్పుడు అవసరం?

యాంటీబయాటిక్ మనకు శత్రువు కాదు. కోళ్ల కలరా, ముఖం వాచి ముక్కు కారే కొరైజా, ఈ-కోలై వంటి బ్యాక్టీరియా జబ్బులు వస్తే అది వాడాల్సిందే. అయితే పశువైద్యుడు చూసి చెప్పినదే వాడాలి. చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాలి. రెండు రోజులకు కోళ్లు లేచి తిరిగాయని మధ్యలో ఆపితే మొండి క్రిములు మిగిలిపోతాయి. మందు ఆపాక లేబుల్ మీద రాసిన గడువు రోజులు దాటేదాకా ఆ కోళ్ల మాంసం, గుడ్లు తినకూడదు, అమ్మకూడదు.

రక్తం పారుకోవడం, మెడ తిప్పడం, ఒకే రోజు రెండు మూడు కోళ్లు చావడం, గుడ్లు ఒక్కసారిగా తగ్గడం చూస్తే పసుపు నీళ్లతో కాలయాపన చేయవద్దు. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయండి. జబ్బు కోడిని విడిగా పెట్టండి. చచ్చిన కోడిని గెడ్డలో పారేయవద్దు, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. మిగిలిన కోళ్లను సంతకు తరలించవద్దు, మీ నష్టం పక్క గ్రామానికి పాకుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ల రాకపోకలను ఎందుకు ఆపారో గుర్తుచేసుకోండి.

నా మాట నమ్మే ముందు మీరే చూడండి

ఒకే వయసు పిల్లలు ఇరవై ఉంటే పది, పది చొప్పున రెండు జట్లు చేయండి. ఒక జట్టు కాళ్లకు రంగు దారం కట్టండి. రెండింటికీ దాణా, నీరు, గూడు ఒకేలా ఉండాలి. ఒక జట్టుకు మాత్రం పసుపు, వెల్లుల్లి కలపండి. మొదటి రోజు, నెల తర్వాత తూకం వేసి, ఎన్ని బతికాయో, ఎంత బరువొచ్చాయో నోటు పుస్తకంలో రాయండి. తేడా చిన్నదిగా ఉంటే ఆశ్చర్యపోకండి. శుభ్రత బాగున్న చోట దినుసుల వల్ల కనబడే తేడా తక్కువగానే ఉంటుంది. అంటే మీ గూడు బాగుందని అర్థం.

ఆ అక్క ఇప్పటికీ కోళ్లు పెంచుతోంది. దాణాలో పసుపు కలుపుతుంది, వారానికి రెండుసార్లు మజ్జిగ పెడుతుంది. టీకా రోజు వస్తే ముందురోజే చుట్టుపక్కల ఇళ్లకు తనే వెళ్లి చెప్పి వస్తుంది. ఈ రెండింటిలో ఒక్కటే చేయగలిగితే టీకాయే వేయించండి. రెండూ చేయగలిగితే పొట్లం పొడి కోసం సంతకు వెళ్లాల్సిన రోజులు బాగా తగ్గుతాయి.